ఔట్‌బోర్డ్ మోటారు హైడ్రాలిక్ ట్రిమ్: విప్పే ముందు తేల్చవలసినవి

బరంపురంలో, గంజాం తీరంలో బోట్లు నడిపేవారికీ వాటిని బాగుచేసే యువ మెకానిక్కులకూ చేసిన ప్రసంగ పాఠం

పెద్దలకు నమస్కారం. గోపాలపూర్, ఆర్యపల్లి, సోనాపూర్ రేవుల నుంచి వచ్చిన సోదరులకు, రంభ, బర్కుల్ వైపు చిలికాలో బోట్లు నడిపేవారికి, సరిహద్దు దాటి ఇచ్ఛాపురం, కవిటి నుంచి వచ్చిన మెకానిక్ తమ్ముళ్లకు ప్రత్యేకంగా నమస్కారం. మీలో ఎక్కువమంది ఇంటి పడవ మీద ఉండేది చేత్తో ఎత్తి పడవ వెనుక పలకకు తగిలించుకునే చిన్న ఔట్‌బోర్డో, పొడవైన ఇరుసు చివర ప్రొపెల్లరు ఉండే లాంగ్‌టెయిల్ ఇంజనో అయి ఉంటుంది. ఈరోజు నేను మాట్లాడబోయేది వాటి గురించి కాదు. బటన్ నొక్కగానే ఇంజనును పైకి లేపి, కిందికి దింపే హైడ్రాలిక్ ట్రిమ్ ఉన్న పెద్ద మోటార్ల గురించి. గస్తీ బోట్ల మీద, పర్యాటకుల బోట్ల మీద, వరద సహాయానికి వాడే కొన్ని బోట్ల మీద ఇప్పుడు ఇవి కనిపిస్తున్నాయి. వాటిని నడిపేది మన కుర్రాళ్లే, చెడిపోతే ముందుగా పానా పట్టేదీ మన కుర్రాళ్లే. అందుకే ఈ విషయాన్ని మన భాషలో, తీరికగా, పూర్తిగా చెప్పుకోవడం అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ముందే చెబుతాను. ట్రిమ్ పని చేయడం లేదంటే ఆ లోపం కరెంటులో ఉందా, పంపును తిప్పే మోటారులో ఉందా, ఆయిలులో ఉందా, వాల్వులో ఉందా అన్నది ముందు తేల్చాలి. అది తేలేవరకు హైడ్రాలిక్ భాగాన్ని విప్పకూడదు. ఈ జాగ్రత్త ఎక్కడైనా మంచిదే కానీ మన తీరంలో మరీ ముఖ్యం. ఈ పంపులోని గేర్లకూ వాటి చుట్టూ ఉన్న గోడకూ మధ్య సందు మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కలో ఉంటుంది. మన ఒడ్డున ఉండే సన్నని ఇసుక రేణువు కూడా సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతుకు తక్కువ ఉండదు. గాలి వీచే ఒడ్డున, తడి చేతులతో, తెరచిన వాల్వు రంధ్రంలోకి అలాంటి ఒక్క రేణువు పోతే చాలు, అంతకుముందు లేని జబ్బు మనమే తెచ్చిపెట్టినవాళ్లమవుతాం.

ఈ వ్యవస్థ చేసే పని ఏమిటో ముందు స్పష్టం చేసుకుందాం, ఎందుకంటే అది చేసే పనులన్నీ తెలియనివారు దాని లోపాలన్నిటినీ గుర్తుపట్టలేరు. మొదటిది, బోటు పరుగెత్తుతున్నప్పుడు ప్రొపెల్లరు నెట్టే కోణాన్ని మార్చడం. బయలుదేరేటప్పుడు ఇంజనును పూర్తిగా లోపలికి, అంటే బోటు వైపుకు దింపి ఉంచితే ముక్కు త్వరగా కిందికి వచ్చి బోటు నీటి మీదకు లేస్తుంది. వేగం అందుకున్నాక కొద్దికొద్దిగా బయటికి ట్రిమ్ చేస్తే నీటిని రాసుకునే అడుగు భాగం తగ్గి, అదే థ్రాటిల్‌కు వేగం పెరుగుతుంది, పెట్రోలు ఆదా అవుతుంది. మోతాదు మించితే ముక్కు ఎగిరెగిరి పడుతుంది, ప్రొపెల్లరు గాలిని పీల్చుకొని ఇంజను ఒక్కసారిగా అరుస్తుంది. రెండవది, లోతు తక్కువ చోట ఇంజనును లేపి పోవడం, ఒడ్డుకు చేరాక పూర్తిగా ఎత్తి ఉంచడం. చిలికాలో వలల కర్రల మధ్య, ఎండాకాలంలో నీరు తగ్గిన చోట బోటు నడిపినవారికి దీని విలువ చెప్పనక్కరలేదు.

ఇంకా రెండు పనులున్నాయి, వీటిని చాలామంది గమనించరు. రివర్స్ గేరులో ప్రొపెల్లరు ఇంజనును నీటిలోంచి పైకి లాగబోతుంది. దాన్ని కిందికి బిగించి పట్టి ఉంచేది ఈ హైడ్రాలిక్ ఆయిలే. అలాగే ఋషికుల్య మొగలోనో, బాహుదా మొగలోనో కదిలే ఇసుకతిన్నెకు గానీ, వరదకు కొట్టుకొచ్చిన దుంగకు గానీ ఇంజను కాలు, అంటే నీటిలో మునిగి ఉండే కింది భాగం, తగిలితే, పిస్టన్‌లో ఉన్న షాక్ వాల్వులు తెరచుకొని ఇంజను వెనక్కి ఊగడానికి దారి ఇస్తాయి. ఆ దెబ్బను ఆయిలు మింగుతుంది కాబట్టే గేరు పెట్టె, బోటు వెనుక పలక పగలకుండా మిగులుతాయి. అంటే ట్రిమ్ చెడిపోయిన బోటులో పోయేది సౌకర్యం ఒక్కటే కాదు, భద్రత కూడా. ఈ మాట బోటు యజమానులకు ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ఇంజను నడుస్తోంది కదా, ట్రిమ్ సంగతి తరవాత చూద్దామని వాయిదా వేసేది సాధారణంగా వారే.

ఇప్పుడు లోపలి సంగతి. 12 వోల్టుల డీసీ మోటారు ఒకటి ఉంటుంది. అది రెండు వైపులా తిరగగలదు. దాని కింద చిన్న గేరు పంపు, పక్కన ఆయిలు ట్యాంకు, మధ్యలో వాల్వుల దిమ్మ, వీటికి అతుక్కొని సిలిండర్లు ఉంటాయి. కొన్ని మోడళ్లలో రెండు చిన్న ట్రిమ్ రాడ్లు, మధ్యలో ఒక పొడవైన టిల్ట్ రాడ్ ఉంటాయి. మరికొన్నిటిలో అన్ని పనులూ ఒకే రాడ్ చేస్తుంది. మోటారు ఒకవైపు తిరిగితే ఆయిలు పిస్టన్ కిందికి చేరి ఇంజను లేస్తుంది. మరోవైపు తిరిగితే పిస్టన్ పైకి చేరి ఇంజను దిగుతుంది. మోటారు ఆగగానే ఆయిలు వెనక్కి రాకుండా చెక్ వాల్వులు మూసుకుంటాయి. బోరు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు నీటిని ఎలా నిలిపి ఉంచుతుందో ఇవీ ఆయిలును అలాగే నిలిపి ఉంచుతాయి. రాడ్ చివరిదాకా వెళ్లాక ఇంకా బటన్ నొక్కి పట్టుకుంటే ఒత్తిడి హద్దు మీరకుండా రిలీఫ్ వాల్వు తెరచుకుంటుంది. అప్పుడు మోటారు గొంతు మారి మూలుగుతుంది. ఆ మూలుగు లోపం కాదు, బటన్ వదలమని చెప్పే గుర్తు.

ఒక చిన్న లెక్క చూపిస్తాను, ఆ తరవాత ఆయిలు మట్టం గురించి నేను చెప్పే నియమం మీకు కంఠస్థం చేయవలసిన అవసరం లేకుండా అర్థమవుతుంది. పిస్టన్ వ్యాసం 40 మిల్లీమీటర్లు అనుకోండి. దాని వైశాల్యం సుమారు 12.6 చదరపు సెంటీమీటర్లు. ప్రతి చదరపు సెంటీమీటరు మీద 100 కిలోల ఒత్తిడి ఉంటే రాడ్ 1,260 కిలోల బలంతో నెడుతుంది. నూరు, నూటయాభై కిలోల ఇంజనుకు ఇంత బలం ఎందుకని అడగవచ్చు. రాడ్ నెట్టే చోటు ఇంజను వాలే కడ్డీకి చాలా దగ్గరగా ఉంటుంది, ఇంజను బరువు మాత్రం దూరంగా వేలాడుతుంది, అందుకే అంత బలం కావాలి. ఇప్పుడు 20 మిల్లీమీటర్ల రాడ్ 20 సెంటీమీటర్లు బయటికి వచ్చిందంటే సిలిండరులో సుమారు 63 మిల్లీలీటర్ల చోటు ఖాళీ అవుతుంది. దాన్ని నింపడానికి అంత ఆయిలు ట్యాంకులోంచే రావాలి. కాబట్టి ఇంజను పూర్తిగా లేచి ఉన్నప్పుడు ట్యాంకులో ఆయిలు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఇంజను దిగి ఉన్నప్పుడు చూసి నిండుగానే ఉందని మూత బిగిస్తే, లేపేటప్పుడు పంపు గాలిని పీల్చే ప్రమాదం ఉంది. ఇంజనును పూర్తిగా పైకి లేపి, ఆనించే లివరు వేసి, అప్పుడే ఫిల్లర్ మూత తీసి, ఆయిలు రంధ్రం అంచుదాకా ఉందో లేదో చూడాలని తయారీదారులు చెప్పేది ఇందుకే. రాడ్ లోపల ఉండగా మూత తీస్తే ఆయిలు ముఖం మీదకు చిమ్మే ప్రమాదం కూడా ఉంది.

ఇక లోపం వెతకడం. ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, అప్ బటన్ నొక్కి వినండి. ఎవరూ మాట్లాడకుండా రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి నొక్కి వింటే సగం నిర్ణయం అక్కడే జరిగిపోతుంది.

ఏ శబ్దమూ లేకపోతే అది కరెంటు విషయం. ఆయిలు గురించి ఆలోచించవద్దు. బ్యాటరీ వోల్టేజీ కొలవండి. నిండుగా చార్జి అయి కాసేపు ఊరుకున్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 అంటే సగమే ఉందని అర్థం. తరవాత ఫ్యూజు. ఫ్యూజు పోయి ఉంటే కొత్తది వేసి వదిలేయడం సరికాదు, అది ఎందుకు పోయిందో చూడాలి. తరవాత హ్యాండిల్ మీది బటన్, ఆ తరవాత ఇంజను పక్కన ఉండే రెండవ బటన్. ఒక బటన్‌తో పని చేసి మరో దానితో చేయకపోతే రిలేలు (బటన్ నొక్కినప్పుడు మోటారుకు పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు), మోటారు, పంపు అన్నీ బాగున్నాయని ఒక్క నిమిషంలో తేలిపోయినట్టే. చెడింది ఆ బటనో, దాని తీగో మాత్రమే.

రిలే టక్కుమని మోగి మోటారు తిరగకపోతే బటన్ దాకా వచ్చే కరెంటు బాగున్నట్టే. ఇప్పుడు రిలే లోపలి కాంటాక్టులు, మోటారుకు పోయే లావు తీగలు, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కు తిరిగి పోయే దారి), మోటారు బ్రష్షులు మిగిలాయి. ఇక్కడ నేను కొంచెం ఆగి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఉప్పు గాలిలో పనిచేసే బోట్లలో మనకు ఎదురయ్యే ట్రిమ్ సమస్యల్లో పెద్ద భాగం ఇక్కడే ఉంటుందని నా అనుభవం చెబుతోంది. రాగి తీగ మీది ప్లాస్టిక్ తొడుగు పైకి చక్కగానే ఉంటుంది, లోపల ఉప్పు నీరు పాకి తీగ చాలా దూరం నల్లబడి ఉంటుంది. టెర్మినల్ దగ్గర ఆకుపచ్చ చిలుము పడుతుంది. అలాంటి తీగ మీద ఊరికే మల్టీమీటరు పెడితే 12 వోల్టులూ చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తీసుకునే కరెంటు దాదాపు శూన్యం. మోటారు పదుల ఆంపియర్లు అడిగేసరికి ఆ తీగ చేతులెత్తేస్తుంది. కాబట్టి కొలత ఎప్పుడూ బటన్ నొక్కి ఉంచి, పని జరుగుతుండగానే తీయాలి. మీటరు ఒక కొనను బ్యాటరీ ప్లస్ స్తంభం మీద, రెండవ కొనను మోటారుకు ఆ సమయంలో ప్లస్ అందించే తీగ చివర పెట్టి బటన్ నొక్కండి. దారి శుభ్రంగా ఉంటే మీటరు సున్నాకు దగ్గరగా నిలుస్తుంది. ఒక వోల్టో అంతకు మించో చూపిస్తే అంత వోల్టేజీ దారిలోనే ఖర్చవుతోందని అర్థం. కొనను బ్యాటరీ వైపు ఒక్కో అతుకు దగ్గరికీ జరుపుతూ వస్తే మీటరు అంకె ఒక్కసారిగా పడిపోయే చోటు కనిపిస్తుంది. చెడిన అతుకు అదే. మైనస్ దారిని కూడా ఇదే విధంగా చూడాలి. ఎర్త్‌ను నమ్మి వదిలేయడం మన మెకానిక్కుల్లో ఉన్న పెద్ద బలహీనత.

పైకి లేస్తుంది, కిందికి దిగదు, లేదా కిందికి దిగుతుంది, పైకి లేవదు అన్న ఫిర్యాదు గురించి ఒక సూక్ష్మం తెలుసుకోవాలి. మోటారుకు రెండే తీగలున్న ఏర్పాటులో, ఏ బటనూ నొక్కనప్పుడు రెండు రిలేలూ రెండు తీగలనూ ఎర్త్‌కు కలిపి ఉంచుతాయి. అప్ నొక్కితే అప్ రిలే తన తీగకు ప్లస్ ఇస్తుంది, కరెంటు తిరిగి వెళ్లేది డౌన్ రిలే ఎర్త్ కాంటాక్టు గుండానే. అందువల్ల పైకి లేవకపోవడానికి కారణం అప్ రిలేలోనే ఉండాలన్న నియమం లేదు, డౌన్ రిలే ఎర్త్ కాంటాక్టు కాలిపోయి కూడా ఉండవచ్చు. రెండు రిలేలూ ఒకే రకమైతే వాటిని ఒకదాని స్థానంలో మరొకటి మార్చి చూడండి. లోపం కూడా దిక్కు మారితే తప్పు రిలేదే. మారకపోతే తీగల్లోనో, బటన్‌లోనో, వాల్వులోనో వెతకాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా పంపు మొత్తం మార్చాలని చెప్పడం యజమానికి అన్యాయం చేయడమే. పాత మోడళ్లలో మోటారుకు మూడు తీగలు ఉంటాయి, అక్కడ ఎర్త్ విడిగా ఉంటుంది కాబట్టి ఈ వాదన పనికిరాదు.

తీగలూ రిలేలూ దాటి నేరుగా మోటారుకు బ్యాటరీ నుంచి లావు తీగలతో కరెంటు ఇచ్చి చూడటం చివరి విద్యుత్ పరీక్ష. తిరిగిందంటే మోటారు మంచిది. తిరగకపోతే బ్రష్షులు అరిగిపోయి ఉండవచ్చు, లేదా మోటారు లోపలికి నీరు వెళ్లి ఉండవచ్చు. చాలా మోటార్లకు బయటి డొక్క ఉక్కుది. దాని మీది రంగు పెచ్చులూడి, తుప్పు పట్టి, సూది మొనంత రంధ్రం పడితే ఉప్పు నీరు లోపలికి చేరుతుంది. కాబట్టి ఆ డొక్క మీద రంగు ఊడిన చోటు కనబడిన రోజే తుప్పు గీకి, ప్రైమరు, రంగు వేయాలి. కరెంటు తీగలు నేరుగా కలిపేటప్పుడు నిప్పురవ్వలు వస్తాయి. పెట్రోలు ట్యాంకు, పెట్రోలు వాసన ఉన్న చోట ఈ పరీక్ష చేయనే చేయవద్దు. చివరి కలుపు బ్యాటరీకి దూరంగా ఉండేలా చూసుకోండి. ఇంకొకటి, ఈ మోటారు ఆగకుండా నడవడానికి చేసినది కాదు. పరీక్షల పేరుతో పదేపదే నొక్కితే వేడెక్కి, కొన్ని మోడళ్లలో లోపలి థర్మల్ స్విచ్ తెగి మౌనమైపోతుంది. చల్లారనిచ్చి మళ్లీ చూడండి.

మూడవ శబ్దానికి వద్దాం. మోటారు చక్కగా, మామూలు కంటే తేలికగా, గిర్రున తిరుగుతుంది, ఇంజను మాత్రం కదలదు. అప్పుడు కరెంటును పూర్తిగా పక్కన పెట్టవచ్చు. మొదట చూడవలసింది మాన్యువల్ రిలీజ్ స్క్రూ. అది బిగిసి లేకపోతే పంపు నెట్టిన ఆయిలంతా సులువైన దారిలో ట్యాంకుకే తిరిగిపోతుంది. ఎవరో ఒకరు ఒడ్డున ఇంజను చేత్తో ఎత్తడానికి దాన్ని వదులు చేసి, బిగించడం మరచిపోయి ఉంటారు. అది బిగిసే ఉంటే ఆయిలు మట్టం చూడండి. అదీ సరిగ్గా ఉంటే మోటారు ఇరుసును పంపుకు కలిపే చిన్న కప్లింగ్ విరిగి ఉండవచ్చు. ఇవేవీ కాకపోతేనే పంపు, రిలీఫ్ వాల్వుల వరకూ వెళ్లాలి.

లేచిన ఇంజను తనంతట తాను మెల్లగా దిగిపోవడం నాలుగవ లక్షణం. సాయంత్రం లేపి వదిలిన ఇంజను తెల్లారేసరికి ఇసుకను తాకి ఉంటుంది. ఇందులో శబ్దం ఉండదు, కొలత ఉంటుంది. పూర్తిగా లేపి, స్కెగ్ (ప్రొపెల్లరు కింద ఉండే రెక్క) కొన నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాసుకోండి. కొన్ని గంటల తరవాత మళ్లీ కొలవండి. రాడ్ మెడ దగ్గర, మోటారు అతుకు దగ్గర తెల్లని గుడ్డతో తుడిచి, నూనె తడి ఉందేమో చూడండి. బయట తడి ఉంటే సీలు పోయింది. బయట పొడిగా ఉండి, ట్యాంకు మట్టం తగ్గకుండా, ఇంజను మాత్రం దిగుతుంటే ఆయిలు లోపలే దారి తప్పుతోంది. అది మాన్యువల్ స్క్రూ ఓ-రింగుల (రబ్బరు వలయాల) గుండా కావచ్చు, చెక్ వాల్వు కింద చిక్కిన మలినం వల్ల కావచ్చు, పిస్టన్ సీళ్ల గుండా కావచ్చు. ఈ మూడిటినీ నేను ఈ వరుసలోనే చూడమంటాను, ఎందుకంటే మొదటిదానికి రెండు చిన్న ఓ-రింగులు చాలు, చివరిదానికి సిలిండరు మొత్తం విప్పాలి. పాత ఆయిలు తీసి, శుభ్రమైన ఆయిలు పోసి, పలుమార్లు పైకీ కిందికీ నడిపిస్తే చెక్ వాల్వు కింద చిక్కిన సన్నని మలినం కొట్టుకుపోయి, ఏ భాగమూ మార్చకుండానే ఇంజను నిలబడిన సందర్భాలు ఉన్నాయి. రివర్స్‌లో ఇంజను పైకి ఎగిరితే ముందు మాన్యువల్ స్క్రూను, తరవాత గాలి చేరిన ఆయిలును, ఆ తరవాత డౌన్ వైపు చెక్ వాల్వునూ షాక్ వాల్వులనూ అనుమానించండి. ఆ లోపం తీరేవరకు ఆ బోటును మొగ దాటించవద్దు.

డ్యాష్‌బోర్డు మీది ట్రిమ్ ముల్లు తప్పు చూపిస్తూ ఇంజను మాత్రం సరిగ్గా కదులుతుంటే అది ఇంజను కోణాన్ని ఆ ముల్లుకు తెలిపే సెండరు సంగతి. తొందర లేదు.

ఆయిలు గురించి. చాలా తయారీదారులు డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరు పెట్టెల్లో పోసే ఆయిలు) వాడమంటారు, కొందరు తమ సొంత ట్రిమ్ ఫ్లూయిడ్ చెబుతారు. మీ ఇంజను పుస్తకంలో ఏది రాసి ఉందో అదే పోయండి, దొరికింది కదా అని రెండు రకాలు కలపవద్దు. బ్రేక్ ఆయిలు మాత్రం ఎన్నటికీ వద్దు. అది ఈ సీళ్ల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. ఏటీఎఫ్ ఎర్రగా, తేటగా ఉండాలి. గులాబీ రంగు పాలలా మారితే నీరు చేరిందని అర్థం. ఆ నీరు రాడ్ మెడ సీలు గుండా గానీ, ఫిల్లర్ మూత ఓ-రింగు గుండా గానీ వచ్చి ఉంటుంది, కాబట్టి ఆయిలు మార్చడంతో పని అయిపోదు, వచ్చిన దారి మూయాలి. నురుగుగా ఉంటే గాలి చేరింది. రంధ్రం అంచుదాకా నింపి, మూత పెట్టి, పూర్తిగా దింపి, మళ్లీ పూర్తిగా లేపి, ఐదు నిమిషాలు ఊరుకోనిచ్చి, మట్టం చూసి నింపండి. నురుగు పోయి మట్టం స్థిరపడేదాకా ఇదే పని. గరాటు, సీసా, చేతులు పొడిగా, ఇసుక లేకుండా ఉండాలి. తీసిన పాత ఆయిలును డబ్బాలో పట్టి పాత ఆయిలు సేకరించేవారికి ఇవ్వండి. ఋషికుల్య మొగ ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మనది. అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా 1981లోనే రామ్‌సర్ గుర్తింపు పొందిన చిలికా మనది. ఆ ఇసుకలో, ఆ నీటిలో నూనె పారబోసే మెకానిక్కుకు ఎంత పనితనం ఉన్నా నేను గౌరవం ఇవ్వలేను.

నీటి మీద ఉండగా ట్రిమ్ ఆగిపోతే ఏమి చేయాలో బోటు నడిపే ప్రతివారికీ తెలిసి ఉండాలి. క్లాంప్ బ్రాకెట్ పక్కన రంధ్రంలో వెడల్పాటి గాటు ఉన్న మాన్యువల్ రిలీజ్ స్క్రూ కనిపిస్తుంది. ఇంజను ఆపి, ఎడమ వైపుకు మీ పుస్తకంలో చెప్పినన్ని చుట్లు, సాధారణంగా సుమారు మూడు, తిప్పితే ఆయిలు రెండు వైపులా స్వేచ్ఛగా పారుతుంది. అప్పుడు ఇద్దరు పట్టి ఇంజనును ఎత్తి, లివరు మీద ఆనించి, స్క్రూను మళ్లీ బిగించాలి. ఇంజను లేచి ఉండగా ఈ స్క్రూ విప్పితే అది తన బరువుతో ఒక్కసారిగా పడుతుంది. కింద చెయ్యి, కాలు, మనిషి ఉండకూడదు. స్క్రూను పూర్తిగా బయటికి లాగడానికి ప్రయత్నించవద్దు. ఉప్పుకు పట్టేసి ఉంటే చిన్న స్క్రూడ్రైవరుతో గాటు చెడగొట్టకుండా, సరైన వెడల్పు ఉన్న దానితోనే తిప్పాలి. అసలు ఆపద రాకముందే, ఏడాదికి ఒకసారైనా ఒడ్డున దాన్ని వదులు చేసి బిగిస్తూ ఉంటే అవసరం వచ్చిన రోజు అది కదులుతుంది.

రోజువారీ సంరక్షణలో మొదటిది మంచినీళ్లు. సముద్రం నుంచి వచ్చాక ఇంజను లోపల ఫ్లష్ చేసినట్టే బ్రాకెట్ సందుల్లో, రాడ్ల మీద, ట్రిమ్ మోటారు చుట్టూ నీళ్లు పోయాలి. ధారను సీళ్ల మీదకు గట్టిగా కొట్టవద్దు. రాడ్ మీది క్రోమ్ పూత నున్నగా ఉన్నంతకాలమే సీలు బతుకుతుంది. ఇంజనును నెలల తరబడి ఎత్తి ఉంచితే బయటికి వచ్చిన రాడ్ మీద ఉప్పు ఎండుతుంది. నీటిలో కట్టి ఉంచి దించి వదిలేస్తే సముద్రపు గుల్లలు ఇతర భాగాలకు పడతాయి. కాబట్టి నీటిలో ఉండే బోటుకు ఎత్తి ఉంచి రాడ్ తుడుస్తూ ఉండటం, ఒడ్డున స్టాండు మీద ఉన్న ఇంజనుకు రాడ్ లోపల ఉండేలా నిలువుగా దించి ఉంచటం నా పద్ధతి. గుల్లలు పట్టిన రాడ్‌ను కత్తితో, ఎమరీ కాగితంతో గీకవద్దు. చెక్క ముక్కతోనో, ప్లాస్టిక్ ముక్కతోనో మెల్లగా లేపండి, తరవాత గుడ్డతో తుడవండి. గీత పడిన రాడ్ మీద కొత్త సీలు వేసినా అది ఎక్కువకాలం నిలవదు.

బ్రాకెట్ అడుగున ఉండే అనోడ్ అనే లోహపు ముక్క, మిగతా భాగాలకు బదులు తాను తినిపోవడానికే పెట్టినది. అది సగానికి పైగా తరిగితే మార్చండి, దాని మీద ఎన్నడూ రంగు వేయవద్దు. రంగు వేస్తే అది పని మానేసి, ఆ నష్టం అల్యూమినియం భాగాల మీద పడుతుంది. వాలే కడ్డీ గ్రీజు నిపిల్స్‌లో మెరైన్ గ్రీజు పంపుతూ ఉండండి. అక్కడ గ్రీజు ఎండిపోయి బిగుసుకుంటే ఆ భారమంతా పంపు మీద పడి, అందరూ పంపునే నిందిస్తారు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలం ఈ పనులన్నిటికీ మంచి సమయం. తీగల అతుకులన్నీ విప్పి, చిలుము గీకి, తగరం పూసిన మెరైన్ తీగ వేసి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టంతో మూయాలి. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలితే అది ఉప్పు నీటిని లోపల దాచిపెట్టే సంచిలా మారుతుంది. అక్టోబరు మన తీరానికి తుపానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపున దాటింది. అలాంటి రోజుల్లో బోటు చటుక్కున కదలాలి. కాబట్టి సెప్టెంబరులోపే ట్రిమ్‌ను పూర్తిగా ఒకసారి పరీక్షించి ఉంచడం సహాయ బోట్లు ఉన్నవారి బాధ్యత. బోటును ట్రైలరు మీద దూరం తీసుకెళ్లేటప్పుడు ఇంజను బరువును హైడ్రాలిక్ మీద గానీ, ఇంజను మీది చిన్న ఆనింపు లివరు మీద గానీ వదలవద్దు. ఆ లివరు నిలిపి ఉంచిన బోటు కోసం, రోడ్డు గతుకుల కోసం కాదు. ఇంజను కాలికీ ట్రైలరుకూ మధ్య విడిగా దన్ను పెట్టి కట్టాలి.

చివరగా, విప్పక తప్పని పరిస్థితి వచ్చినప్పుడు. విద్యుత్ పరీక్షలన్నీ అయ్యాక, ఆయిలు, మాన్యువల్ స్క్రూ చూశాక, లోపం వాల్వులోనో సిలిండరులోనో ఉందని తేలితే, యూనిట్ మొత్తాన్ని విప్పి, రంధ్రాలు మూసి, గాలి దూరని గదిలో శుభ్రమైన బల్ల మీద పెట్టి తెరవండి. దానికి ముందు ఇంజనును గొలుసు కప్పీతోనో, గట్టి స్టాండుతోనో విడిగా నిలబెట్టాలి. హైడ్రాలిక్ పట్టుకొని ఉంది కదా అని దాని కిందికి ఎవరూ వెళ్లకూడదు. సిలిండరు మూత విప్పే ముందు రాడ్ పుస్తకం చెప్పిన స్థితిలో ఉందో లేదో, ఒత్తిడి వదిలారో లేదో చూసుకొని, కళ్లద్దాలు పెట్టుకోండి. స్ప్రింగు, గోళీ, వాల్వు ఏ రంధ్రంలోంచి వచ్చిందో ఫోను ఫొటో తీసుకోండి. చూడటానికి ఒకేలా ఉండే రెండు స్ప్రింగుల బలం వేరు కావచ్చు, తారుమారైతే అప్ ఒత్తిడి డౌన్‌కు, డౌన్ ఒత్తిడి అప్‌కు పోతుంది. పాత ఓ-రింగును మళ్లీ వాడకండి, కొత్తదాన్ని అదే ఆయిలులో ముంచి ఎక్కించండి. బిగించాక గాలి తీసి, ఇంజనును లేపి, స్కెగ్ ఎత్తు రాసి, రాత్రంతా వదిలి, పొద్దున్నే అదే కొలత వచ్చిందని చూశాకే బోటు యజమానికి అప్పగించండి.

ఇక ప్రశ్నలు అడగండి. ఆ తరవాత పక్క షెడ్డులో స్టాండు మీద ఉన్న ఇంజను దగ్గర, బటన్ నొక్కి ఉంచి వోల్టేజీ కొలిచే పద్ధతిని మీ చేతనే చేయిస్తాను.